ఉద్దానం దారిలో సోడా బైకార్బ్: నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో 108 అంబులెన్స్‌లో పనిచేసే నాకు సోడా బైకార్బ్, అంటే రక్తంలోని ఆమ్లాన్ని తగ్గించే సోడియం బైకార్బొనేట్ ఇంజెక్షన్, ఇవ్వవలసిన అవసరం ఎప్పుడో గాని రాదు. గుండె ఆగిన ప్రతివారికీ దాన్ని ఎక్కించే పద్ధతిని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010 మార్గదర్శకాల్లోనే వద్దని చెప్పింది. రక్తంలో పొటాషియం ప్రాణాంతకంగా పెరిగినప్పుడు మాత్రం ఆ మందుకు ఇప్పటికీ చోటుంది.

ఒక వేసవి మధ్యాహ్నం కవిటి వైపు కొబ్బరితోటలో ఉన్న ఒక ఇంటికి వెళ్లాం. రోగికి అప్పటికే రెండు డయాలసిస్‌లు తప్పాయి. "ఎండకి నీరసపడిపోయారని రెండు బొండాలు కొట్టి తాగించాను బాబూ, ఇప్పుడు కాళ్లే లేవడం లేదు" అని ఆయన భార్య చెప్పగానే నాకు విషయం అర్థమైంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. చెడిపోయిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. పెరట్లోనే కొబ్బరిచెట్లున్న ఇంట్లో ఆ నీళ్లు తాగవద్దని చెప్పడం ఎంత కష్టమో మా ప్రాంతంవారికి తెలుసు.

గుండె విద్యుత్తును గీతలుగా చూపే మానిటర్‌లో పై గదుల స్పందనను చూపే పీ తరంగాలు కనబడలేదు, కింది గదుల స్పందనను చూపే క్యూఆర్ఎస్ బాగా వెడల్పయింది, నాడి 40 దగ్గర ఉంది, రక్తంలో ఆమ్లం పెరిగినప్పటిలా శ్వాస లోతుగా, వేగంగా సాగుతోంది. ఫోన్‌లో కాల్ సెంటర్ డాక్టరుగారికి ఇవన్నీ చెప్పాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన చప్పుడు ఉందేమో వినమని ఆయన ప్రత్యేకంగా అడిగారు, ఎందుకంటే బైకార్బ్‌తో పాటు శరీరంలోకి వెళ్లే సోడియం ఆ నీటిని ఇంకా పెంచుతుంది. లేదని చెప్పిన తరువాతే ఆయన అనుమతించారు.

ఎడమచేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్నందున కుడిచేతికి సూది పెట్టి, ముందుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. ఐదు నిమిషాలపాటు నెమ్మదిగా ఇచ్చాను. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. ఆ తరువాత చేయవలసిన పని నా చేతులకు బాగా గుర్తుంది: శిక్షణలో మా సారు ఒకే సిరంజిలోకి కాల్షియాన్నీ బైకార్బ్‌నూ తీసి చూపించినప్పుడు తేటగా ఉన్న రెండు మందులూ కలిసి క్షణాల్లో సున్నం కలిపిన నీళ్లలా తెల్లబడిపోయాయి. అందుకే 20 మి.లీ. సెలైన్‌తో లైన్‌ను పూర్తిగా కడిగాను.

అక్కడ ఇంకొక లెక్క ఉంది. మేము చదివిన పుస్తకంలో 8.4 శాతం ద్రావణం గురించి ఉంది, అందులో ఒక మి.లీ.కి ఒక మిల్లీ ఈక్వివలెంట్ (మందు మోతాదును కొలిచే ప్రమాణం). నా చేతిలోని ఆంప్యూల్ మీద 7.5 శాతం అని ఉంది, అంటే మి.లీ.కి 0.9 మాత్రమే. 25 మి.లీ. ఆంప్యూళ్లు రెండు కలిపితే సుమారు 45 మిల్లీ ఈక్వివలెంట్లు వస్తుందని డాక్టరుగారికి వినిపించి, సరేనన్నాక, ఐదు నిమిషాల్లో ఎక్కించాను. పైలట్ (మా అంబులెన్స్ డ్రైవర్) బండిని పలాస వైపు తిప్పాడు. రక్తంలో పొటాషియం తగ్గడానికి నేను సాల్‌బుటమాల్ మందును ఆవిరిలా పీల్చేందుకు నెబ్యులైజర్ పెట్టాను.

హైవే ఎక్కేసరికి క్యూఆర్ఎస్ సన్నబడింది, నాడి 60 దాటింది. ఆసుపత్రిలో ఏ మందు ఏ నిమిషంలో ఇచ్చానో రాసిన కాగితాన్నీ ఖాళీ ఆంప్యూళ్లనూ అప్పగించాను. ఆయన్ని అట్నుంచి అటే డయాలసిస్‌కు తీసుకువెళ్లారు.