సీడీలో ఎవరిదో మోకాలు

మా పాపకు తొమ్మిదేళ్లు. మూడు నెలలుగా తలనొప్పి, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. కళ్లజోడు వేయించాం, ఫోన్ లాక్కున్నాం. చివరికి బెంగళూరు మారతహళ్లిలో ఒక పిల్లల డాక్టరమ్మ రెండు చేతులకూ బీపీ చూసింది. కుడిచేతికి 150, ఎడమచేతికి 110. పది దాటి తేడా ఉంటే వదలకూడదట. ఎడమ మణికట్టులో నాడి సరిగ్గా అందలేదు. రక్తనాళాలను చూపించే సీటీ యాంజియో స్కాన్ రాసింది. స్కాన్ ఐదు నిమిషాల పని.

కీళ్లు, రక్తనాళాల వాపు జబ్బులు చూసే రుమటాలజిస్టు ఆ స్కాన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "సీడీ తెండమ్మా. నాళంలో దారి సన్నబడిందని రిపోర్టు చెప్తోంది, గోడ ఎంత మందమైందో నేను చూసుకోవాలి" అన్నారు.

స్కాన్ సెంటర్ కౌంటర్లో అబ్బాయి మొదటి రోజు "నాళె బన్ని" అన్నాడు, రేపు రండని. రెండో రోజు పేషెంటే వచ్చి సంతకం పెట్టాలన్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల నాయనా అంటే, "రూల్ మేడమ్" అన్నాడు, తలెత్తకుండా. బడి మాన్పించి తీసుకెళ్లా. పాప గుండ్రంగా పేరు రాసి, పక్కన పువ్వు కూడా వేసింది. ఆ పువ్వు చూసైనా వాడు నవ్వలేదు.

ఆ సీడీ డాక్టరుగారి కంప్యూటర్లో పెడితే తెర మీద మోకాలు! ముసలి మోకాలు, అరిగిపోయినది. వెనక నిలబడ్డ జూనియర్ డాక్టరు కిసుక్కుమంది. "చూసుకోలేదామ్మా?" అన్నారాయన. సీడీ పెట్టే కంప్యూటరు ఈ రోజుల్లో ఎవరింట్లో ఉంది చెప్పండి?

తిరిగి వెళ్లా. పదేళ్లుగా నేర్చుకున్న కన్నడ ఎటు పోయిందో, నోట్లోంచి మా ప్రొద్దుటూరే వచ్చింది: "ఏందప్పా, ఎవరి మోకాలు నా చేతిలో పెట్నావు?" హాలంతా తిరిగి చూసింది. అరగంటలో అసలు సీడీ వచ్చింది. రెండ్రోజులు మర్యాదగా అడిగితే రానిది! అక్కడే కూర్చుని, వాళ్ల కంప్యూటర్లోనే తెరిపించి, పాప పేరు చదివాకే లేచా. మీరూ అలాగే చేయండి, సిగ్గుపడొద్దు.

పాపకు టకయాసు ఆర్టిరైటిస్ అట, పెద్ద రక్తనాళాల గోడలు వాచే జబ్బు. కుడి కిడ్నీకి వెళ్లే నాళం కూడా సన్నబడింది, బీపీ పెరిగింది అందుకే. ఈ జబ్బుకు పేరిచ్చిన టకయాసు జపాన్ కంటి డాక్టరు, 1908లో ఒకమ్మాయి కంటి నాళాలు చూసి రాశాడు. మాకు దొరికిన కంటి డాక్టరు కళ్లజోడు రాశాడు.

స్టెరాయిడ్లు మొదలయ్యాయి. ఇకపై ఎమ్మారైతో తీసే ఎమ్మార్ యాంజియోనే, దానికి రేడియేషన్ ఉండదు; మాటిమాటికీ రేడియేషన్ వద్దన్నారు.

ఆటోలో పాప అడిగింది: "అమ్మా, మరి ఆ మోకాలి అవ్వకు నా సీడీ ఇచ్చేశారా?"