169 చుక్కలు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఈ ఉదయం అయిదున్నరకే మెలకువ వచ్చింది. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, నాలుగు గీతల ముగ్గు వేసి, చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని గళ్ల నోటుబుక్కు తెరిచాను. నడుమ పదిహేను చుక్కల వరుస పెట్టి, పైకీ కిందికీ సందు చుక్కలతో ఎనిమిది వరకు తగ్గించుకుంటూ పోయాను. మొత్తం 169. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న దాన్ని కనుక, ఆ సంఖ్య పదమూడు వర్గమని గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఆ తరువాత మెలికలు మొదలవుతాయి. గీత చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. ఒక్క మలుపు తప్పినా ఎక్కడో ఒక కొస తెగి మిగిలిపోతుంది. అప్పుడు రబ్బరు పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోవాలి.

అమ్మ పోయి రెండేళ్లయింది. మొదటి ఆరు నెలలు నాకు రాత్రి రెండు గంటలకల్లా నిద్ర తేలిపోయేది. తెల్లారే వరకు గుండెల మీద రాయి పెట్టినట్టుగా ఉండేది. బోర్డు మీద సగం లెక్క రాసి, తరువాతి మెట్టు ఏమిటో తోచక, పిల్లల వైపు తిరగడానికి భయపడిన రోజులు ఉన్నాయి. అలాంటి ఒక రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలి మానస్ వారి 14416 నంబరుకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి తెలుగులోనే, ఏ తొందరా లేకుండా, నేను చెప్పినదంతా విని, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవమని చెప్పింది. నల్లగొండలోనే ఒక మానసిక వైద్యుడిని కలిశాను. పిచ్చి మందులు మొదలుపెట్టిందట అని దగ్గరి వాళ్లే అన్నారు. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులాగే ఉంది. డాక్టరు గోలీలు రాసిచ్చి, చేతులతో ఇష్టంగా చేసే పని ఏదైనా ఉందా అని అడిగారు. చిన్నప్పుడు ముగ్గులు బాగా వేసేదాన్నని చెప్పాను. గోలీలు సొంతంగా ఆపవద్దని, రోజుకు అరగంట ముగ్గులు గీయమని చెప్పారు. నేను రెండూ పాటించాను. గోలీలు ఆయన చెప్పిన ప్రకారమే తగ్గుతూ వచ్చాయి. ముగ్గులు మాత్రం పెరుగుతూ పోయి ఇప్పుడు నాలుగో నోటుబుక్కు నడుస్తోంది.

గీస్తున్నప్పుడు లోపల జరిగేదేమిటో నాకు అర్థమైనంత వరకు ఇది. దిగులు ఎప్పుడూ మాటల రూపంలోనే నడుస్తుంది: ఆ రోజు ఆసుపత్రికి ఇంకొంచెం ముందు తీసుకుపోయి ఉంటే, ఆ సాయంత్రం ఫోన్ ఎత్తి ఉంటే, అని ఒకే వాక్యం గానుగెద్దులాగా తిరుగుతూ ఉంటుంది. చెయ్యి ఒక మలుపు తిప్పుతూ, కన్ను తరువాతి చుక్కను వెతుకుతూ, మనసు వరుసలు లెక్కపెడుతూ ఉన్నంత సేపు ఆ వాక్యానికి చోటు ఉండదు. దుఃఖం పోదు, పక్కనే కూర్చుని ఉంటుంది. కానీ ఆ అరగంట నన్ను ఏమీ అడగదు.

అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం గురించి చదివాను. 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాల పాటు మట్టితో, రంగు పెన్నులతో, కాగితం ముక్కలతో తమకు తోచినది చేశారు. ముందూ తరువాతా లాలాజలం పరీక్షిస్తే, సుమారు ముప్పాతిక మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గింది. 39 మంది చాలా తక్కువ, పైగా బొమ్మలు వేయని మరో గుంపుతో పోల్చి చూసిన పరీక్ష కూడా కాదు. అందుకే నేను దానిని రుజువుగా తీసుకోను. అయితే అంతకు ముందు అలాంటి పని చేసిన అలవాటు ఉన్నా లేకపోయినా ఫలితంలో చెప్పుకోదగిన తేడా రాలేదన్న విషయం మాత్రం నా మనసుకు పట్టింది. నాకు బొమ్మలు రావు అని వెనక్కి తగ్గే వాళ్లను బడిలో రోజూ చూస్తూనే ఉన్నాను.

పది గంటల బస్సుకు మునుగోడు మీదుగా పుట్టపాకకు బయలుదేరాను. అది అమ్మగారి ఊరు, నేను పుట్టిన ఊరు. చిన్నమ్మ ఇంట్లో అడుగు పెట్టగానే తేలియా రుమాలు అనే చేనేత బట్టకు వాడే నూలు వాసన ముక్కుకు తగిలింది. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించి రోజుల తరబడి సిద్ధం చేసే ఆ నూలు వాసన అమ్మ కొంగుకు ఎప్పుడూ ఉండేది. గడపలోనే ఒక్క నిమిషం నిలబడిపోయాను.

చిన్నమ్మ చట్రం ముందు కూర్చుని చిటికి కడుతోంది, అంటే రంగులో ముంచే ముందు నూలుకు డిజైన్ ప్రకారం ముడులు వేస్తోంది. బిగించిన పోగుల మీద గుర్తులు పెట్టి ఉన్నాయి. రంగు అంటకూడని చోట, సైకిల్ ట్యూబు నుంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీని మూడు నాలుగు చుట్లు తిప్పి, చివరి చుట్టు కిందికి దోపి లాగుతుంది. ఒక్కొక్క ముడికి రెండు మూడు క్షణాలకు మించి పట్టదు. "కూసో బిడ్డా, నీ చెయ్యి మరిచిందో లేదో చూద్దాం" అని పట్టీ నా చేతికి ఇచ్చింది. మొదటి నాలుగు ముడులు వదులయ్యాయి, అయిదోది నిలిచింది. గంటన్నర సేపు ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. ముగ్గు గీస్తున్నప్పుడు వచ్చే నిమ్మళమే నాకు అక్కడ కూడా వచ్చింది.

చిన్నమ్మకు అది రాలేదు. మధ్యమధ్య ఆగి బొటనవేలు నొక్కుకుంటూనే ఉంది. బస్సులో తిరిగి వస్తున్నంత సేపు నేను దీని గురించే ఆలోచించాను. అమ్మ నా చిన్నతనమంతా ఆసు పోసింది. అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల చుట్టూ పోగును తిప్పే ఆ పనిలో, ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు పోయి రావాలి. తన తల్లి లక్ష్మి పడే ఆ నొప్పి చూడలేకనే ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మా ఇంటికి ఆ యంత్రం వచ్చే నాటికి అమ్మ కుడి భుజం అరిగిపోయింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి పైకి లేచేది కాదు. ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయడమే మనసుకు మేలు చేసేదైతే అమ్మకంటే నెమ్మది గల మనిషి ఈ జిల్లాలో ఉండకూడదు. నా 169 చుక్కలను నేను ఎప్పుడైనా ఆపవచ్చు, చెరపవచ్చు, ఇష్టమైతే ఒక వరుస పెంచవచ్చు. అమ్మకు ఆ వీలు లేదు. చేనేత చేస్తే మనసుకు హాయి అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు కోపం వచ్చేది ఇందుకే.

అన్నం తిన్న తరువాత చిన్నమ్మ నా నోటుబుక్కు తిరగేసింది. ఒక ఖాళీ పేజీ తీసి, పెన్సిలు చేతిలో పెట్టి, ఏదైనా గీయమన్నాను. "నాకెందుకు బిడ్డా" అని పక్కకు పెట్టింది. నేను బోళ్లు కడిగి వచ్చేసరికి కళ్లద్దాలు పెట్టుకుని వంగి కూర్చుని ఉంది. పేజీలో ఒక మూలకు కోడి, దాని వెనక మూడు పిల్లలు. కోడి తోక ఈకలను ఒక్కొక్కటిగా, చిటికి గుర్తులంత పొందికగా గీసింది.

"నలభై ఏండ్ల సంది ఎవలో ఇచ్చిన డిజైనే కట్టుడాయె. నాకు నచ్చింది ఎన్నడు గీసిననో యాదికి లేదు" అంది, పేజీ మీది నుంచి కళ్లు ఎత్తకుండా.

బస్సు వేళయిందని లేచి, సంచిలో సామాను సర్దుకుంటూ నోటుబుక్కు కోసం చెయ్యి చాపాను. చిన్నమ్మ ఇవ్వలేదు. నాలుగో పిల్ల ఇంకా గీయలేదట.