వియ్యంకుల పోటీ మధ్యలో మేం ఫ్లాట్ కొన్న కథ (నా అనుభవం)

హైదరాబాద్ లో మా నాన్నది ఉప్పల్, మా మామయ్యది ఏఎస్ రావు నగర్. బండి మీద అరగంట దూరం, అంతే. నా పెళ్లయి తొమ్మిదేళ్లయింది, ఇన్నేళ్లలో ఈ వియ్యంకులిద్దరూ దేనికీ మాట అనుకోలేదు, ఏరియా టాపిక్ వస్తే మాత్రం ఇద్దరికీ బీపీ టాబ్లెట్లు గుర్తుచేయాల్సిందే.

2025 సంక్రాంతికి అందరం మామయ్య వాళ్లింట్లో ఉన్నాం. తార్నాకలో అద్దె కట్టీ కట్టీ విసుగొచ్చింది, ఈ ఏడాది సొంతిల్లు చూసుకుందాం అని మా ఆయన అలా అన్నాడో లేదో మామయ్య అరిసె పక్కన పెట్టేసి మొదలుపెట్టారు. చర్లపల్లి టెర్మినల్ ఓపెన్ అయ్యి అప్పటికి ఎనిమిది రోజులే, జనవరి 6న అయింది కదా, ఇంక సికింద్రాబాద్ స్టేషన్ తో పనేముంది, ఎయిర్‌పోర్ట్ లా కట్టారు, అన్నీ మా వైపే వస్తున్నాయి అని. నాన్న ప్రశాంతంగా "స్టేషన్ బానే ఉంది బావగారూ, రైలు దిగినాక ఆ సందుల్లోంచి ఇంటికెట్లా చేరాలో అది చెప్పండి ముందు" అన్నాడు.

ఇంక ఆగలేదు. నాన్నకి మెట్రో ఒక్కటి చాలు, 2017 నుంచీ నాగోల్ లైన్ నడుస్తుంటే మీకింకా ఒక పిల్లర్ కూడా లేదంటాడు. మామయ్య పిల్లర్ల మాట వినగానే, అవును మీకు పిల్లర్లకేం తక్కువ, 2018లో మొదలెట్టిన నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్లు వరసగా నిలబడే ఉన్నాయిగా అంటారు. నాన్న సైన్స్ ల్యాబ్ సీసీఎంబీ మాట తీస్తే అది హబ్సిగూడ అంటారు, అడ్రస్ లో ఉప్పల్ రోడ్ అని రాసుంటుంది చూసుకోండి అంటాడు నాన్న. చివరాఖరికి మామయ్య బ్రహ్మాస్త్రం, దేశమంతా ఓట్లేసే మిషన్లు మా పక్కనున్న ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్ లో తయారవుతాయి అని. "మిషన్ మీదే బావగారూ, దాని మీద మీరు ఎన్నుకునేది మాత్రం ఉప్పల్ ఎమ్మెల్యేనే కదా" అన్నాడు నాన్న. నిజమే మరి, ఏఎస్ రావు నగర్, కాప్రా అన్నీ ఉప్పల్ నియోజకవర్గం కిందకే వస్తాయి. మామయ్య ఆ రోజు పెరుగన్నం తినకుండానే లేచారు.

సరే, వెతకడం మొదలైంది. మొదట్లో ఇద్దరి మాటలూ విని పిచ్చెక్కిపోయింది, ఎవరి ఏరియా వాళ్లకి స్వర్గం. ఓ నెల తర్వాత నాకొకటి వెలిగింది. వీళ్లు సొంత ఏరియా గురించి చెప్పేది అస్సలు పట్టించుకోకూడదు, అవతలి ఏరియాని తిట్టేది మాత్రం నోట్ చేసుకోవాలి. మీడియేటర్ కి డబ్బులిచ్చినా దొరకని సమాచారం అదంతా.

ఎందుకంటే చూడండి, ఈసీఐఎల్ దగ్గర ఒక ఫ్లాట్ మాకు బాగా నచ్చింది, గాలి వెలుతురు అన్నీ ఉన్నాయి, నీళ్లకి ఢోకా లేదు అని ఓనరూ, ఓనర్ తో పాటు మామయ్యా చెప్పారు. నాన్న ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున అయిదున్నరకి వెళ్లి ఆ అపార్ట్‌మెంట్ ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాడు. ఆరింటికల్లా ఒక ట్యాంకర్, ఇంకో ఇరవై నిమిషాలకి రెండోది. పైపు సంపులోకి దింపుతున్న వీడియో తీసి ఫ్యామిలీ గ్రూప్ లో పెట్టాడు. కింద మామయ్య దగ్గర్నుంచి వచ్చిన రిప్లై, గులాబీ పువ్వు మీద శుభోదయం.

ఉప్పల్ ఫ్లాట్ కి మామయ్య టేప్ పట్టుకొచ్చారు. పార్కింగ్ లో పిల్లర్ నుంచి పిల్లర్ కి కొలిచి "కారు పడుతుందమ్మా, కానీ తిరగదు" అన్నారు, ఓనర్ మొహం చూడాలి అప్పుడు. 2020 అక్టోబర్ వానలకి ఈ వైపు కాలనీలు ఎలా మునిగాయో గుర్తుచేసి, ఈ గల్లీలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కిరాణా కొట్టాయన్ని అడిగి గోడ మీద మరక కూడా చూసొచ్చారు (గేటు దాటలేదట, ఆ మాట చాలా అయిష్టంగా చెప్పారు). చెరువు స్థలాల్లో కట్టినవి కూల్చే హైడ్రా వచ్చాక అందరికీ చెరువు భయమే కదా, హెచ్ఎండీఏ చెరువుల మ్యాప్ ముందేసుకుని నల్ల చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దు, అదే ఎఫ్‌టీఎల్ కి సర్వే నంబర్ ఎంత దూరమో చూశాం, ఇబ్బంది లేదు.

మా ఆయన ఆఫీస్ హైటెక్ సిటీ, ఉప్పల్ లో ఎక్కితే రైలు మారకుండా దిగొచ్చు, అందుకే మనసు అటే లాగింది. మామయ్య ఓడిపోలేదు, కాగితాలు ఇటివ్వండి అని తీసుకున్నారు. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు), పర్మిషన్ ప్లాన్, స్థలంలో మనకొచ్చే అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలు, అన్నీ ఎర్ర పెన్ను పట్టుకుని రెండు రాత్రులు చదివారు, ఎలాగైనా ఆపాలనే చదివారు. దొరికింది కూడా. పాత ఓనర్ లోన్ కి టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసినట్టు ఈసీలో ఎంట్రీ ఉంది, లోన్ తీరి తాకట్టు విడిపించినట్టు రిలీజ్ ఎంట్రీ లేదు. మీడియేటర్ నేమో లోన్ ఎప్పుడో క్లియర్ అయింది మేడం, ఏం కాదు అని ఒకటే పాట. ఏం కాదు అన్నవాళ్లెవరూ రేపు మన పక్కన ఉండరు కదండీ. రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయ్యాకే అగ్రిమెంట్ అని గట్టిగా కూర్చున్నాం, మూడు వారాలు పట్టింది, వచ్చింది. అంటే ఫ్లాట్ వద్దనిపించాలని మామయ్య వెతికిన తప్పు వల్లే ఫ్లాట్ కాగితాలు శుభ్రమయ్యాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాన్న పదిసార్లు థాంక్స్ చెప్పి మరీ తెలిసేలా చేశాడు.

మిగతాది డబ్బు లెక్క. 58 లక్షలకి కుదిరింది. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, 4 లక్షల 35 వేలు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఓనర్ కిచ్చే దాంట్లోంచి 1 శాతం టీడీఎస్ (ఆయన పేరు మీద కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) మనమే పట్టుకుని కట్టాలి, 58 వేలు, ఓనర్ కి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి ఒక సాయంత్రం పోయింది, తన డబ్బులు మేం మింగేస్తున్నాం అనుకున్నాడాయన. రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా లోన్ లో రావు, చేతిలో ఉండాలి, ముందే చూసుకోండి. రిజిస్ట్రేషన్ రోజు సాక్షి సంతకాలు నాన్న ఒకటి, మామయ్య ఒకటి.

చేరి నాలుగు నెలలవుతోంది. ఐపీఎల్ మ్యాచ్ ఉప్పల్ స్టేడియంలో ఉన్నప్పుడు సిక్స్ కొడితే వచ్చే అరుపు ఇంట్లోకి వినిపిస్తుంది, ఆ రోజుల్లో సాయంత్రం బండి బయటికి తీయడం మా వల్ల కాదు, మామయ్య ముందే చెప్పారు. ఆయన ఈ మధ్య తరచుగా వస్తున్నారు. ఆ తిరగని పార్కింగ్ లో స్కూటర్ పెట్టి, మంచినీళ్లు తాగి, మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళ్లి పని చూసుకుని వస్తారు. మొన్న వెళ్లేటప్పుడు హెల్మెట్ నా చేతికిచ్చి, "లోపల పెట్టమ్మా, మీ నాన్న వస్తే కనపడుద్ది" అన్నారు.