వాండాల పుస్తకాల వేట: ఇప్పటిదాకా దొరికినవి

డాబా మీద షేడ్ నెట్ కింద వేలాడుతున్న ఆర్కిడ్లలో ఎక్కువ వాండా ప్రజాతివే. అందుకని ఈసారి ఆర్కిడ్లన్నిటినీ ఒకే అట్టల మధ్య కుక్కిన లావుపాటి పుస్తకాల జోలికి పోకుండా, వాండాలకే పనికొచ్చేవి పోగేద్దామని మొదలుపెట్టాను. ఆ లావుపాటి వాటిలో వాండాకి దక్కేది రెండు పేజీలు, అందులో ఒకటి ఫొటో.

మొక్క ఏదో తేల్చుకోడానికి ఒక రకం పుస్తకం కావాలి, పెంచుకోడానికి ఇంకో రకం. రెండూ చేస్తానని చెప్పుకునేవి చాలావరకు రెండిట్లోనూ అంతంతమాత్రమే.

తేల్చుకోడానికైతే డబ్బు పెట్టక్కర్లేదు. పాత వృక్షశాస్త్ర గ్రంథాలన్నీ బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. కాకపోతే ఇప్పటి పేరుతో వెతికితే దొరకవు. మన మామిడి చెట్ల మీద కనిపించే వాండా టెస్సెల్లేటానే తీసుకోండి, సామర్లకోటలో తోట పెట్టి మొక్కలు పెంచిన రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన మొదటి సంపుటంలో దాన్ని ఎపిడెండ్రమ్ టెస్సెల్లేటమ్ అన్నాడు, తర్వాత వృక్షశాస్త్రవేత్త హుకర్ ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ (ఫ్లోరా అంటే ఒక ప్రాంతపు మొక్కల వివరాల గ్రంథం) ఆరో సంపుటానికి వచ్చేసరికి అది వాండా రాక్స్‌బర్గీ అయి కూర్చుంది. అందుకే ముందు లండన్ క్యూ గార్డెన్స్ (వృక్షశాస్త్ర తోట) వాళ్ళ వెబ్‌సైట్ ‘ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్’లో ఇప్పటి పేరు కొట్టి, కింద ఉండే పాత పేర్ల పట్టీ మొత్తం కాపీ చేసుకుని, ఒక్కొక్కటే వెతకడం. సంపుటం మొత్తం దింపుకుంటే ఫోన్ చచ్చిపోతుంది, కావలసిన పేజీలు మాత్రమే టిక్ పెట్టి పీడీఎఫ్ చేసుకోవచ్చు. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ వేయిస్తే డాబా మీదికి తీసుకెళ్ళినా దిగులుండదు.

గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాలో ఆర్కిడ్ల భాగం ఫిషర్ రాశాడు, 1928. కోస్తా, రాయలసీమ వాళ్ళకి ఇది బంగారం, తెలంగాణ వాళ్ళకి కాదు, ఎందుకంటే నిజాం రాజ్యం దాని పరిధిలోకే రాదు. ఆ లోటుకి పుల్లయ్య గారి ‘ఫ్లోరా ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ (1997, ఉమ్మడి రాష్ట్రమంతటికీ) చూసుకోవాలి. యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్ల లైబ్రరీల్లో అడగండి, ఇంటికి ఇవ్వకపోయినా కూర్చుని రాసుకోనిచ్చే అవకాశం ఉంటుంది. ఇవి వాడాలంటే పువ్వు విచ్చుకున్న రోజే పెదవిని (మిగతావాటికి వేరుగా కనిపించే రేకుని) పక్కనుంచి, వెనకాల కొమ్ములాంటి భాగాన్ని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి ఉంచుకోవాలి. వాటి వివరణలన్నీ పెదవి తమ్మెలు (చీలికలు), కొమ్ము పొడవు చుట్టూనే తిరుగుతాయి, రంగుకి పెద్దగా విలువివ్వవు.

బొమ్మలకి మాత్రం వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ వేసిన మొక్కల బొమ్మల గ్రంథం ‘ఐకోన్స్’. రంగుల్లేవు, గీతలే. గీసింది రంగయ్య, గోవిందు అనే మన తెలుగు చిత్రకారులు. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్‌కి గోవిందూయియా అని ఏకంగా ప్రజాతి పేరే పెట్టాడు, ఇప్పుడది ట్రోపీడియా అనే ఇంకో ప్రజాతిలో కలిసిపోయింది. వాండాతో సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

పెంపకానికి నా ఓటు మార్టిన్ మోట్స్ ‘వాండాస్’కి (టింబర్ ప్రెస్, 1997). ఆయన పెంచింది దక్షిణ ఫ్లోరిడాలో, అంటే వేడి, ఉక్క, ఆరుబయట పెంపకం. ఇంగ్లండ్ గాజుగదుల లెక్కలకన్నా మన కోస్తాకి ఇదే దగ్గర. హైదరాబాద్ మే నెల పొడి ఎండకి నీళ్ళ లెక్క మాత్రం మనమే పెంచుకోవాలి. పాత కాపీలే తిరుగుతున్నాయి, అమ్మేవాళ్ళని రంగు ఫొటోల పేజీలు, చెమ్మ మరకలు చూపించమని అడగండి. పోస్టు ఖర్చు ఒక్కోసారి పుస్తకం ధరని మించుతుంది, అమెరికా నుంచి సెలవులకి వచ్చే చుట్టాల సూట్‌కేసే చవక.

ఏది కొన్నా అచ్చైన ఏడాది చూడండి. ఆస్కోసెంట్రమ్ అనే ఆర్కిడ్ ప్రజాతిని 2012లో వాండాలో కలిపేశారు, కాబట్టి అంతకుముందు పుస్తకాల్లో ఆస్కోసెండా (ఆ రెండిటి సంకరం) అని ఉన్న హైబ్రిడ్లన్నీ ఇప్పుడు వాండాలే. నర్సరీ లేబుళ్ళు ఇంకా పాత పేరుతోనే వస్తున్నాయి. నేను లేబుల్ వెనకవైపు రెండో పేరు పెన్సిల్‌తో రాస్తున్నాను, పెన్ను ఇంకు ఎండకి ఆగదు.

తర్వాత డెండ్రోబియమ్‌లు, అదింకో ఆర్కిడ్ ప్రజాతి. హోవర్డ్ వుడ్ 2006 పుస్తకం మీద కన్నుంది, ధర చూసి ప్రస్తుతానికి ఊరుకున్నాను.