పదికి ఎంత?

నిన్న డాక్టరుగారు నొప్పికి వేసుకునే రాత్రి మాత్ర డోసు సగానికి తగ్గించారు, మోచేతి నరం ఆపరేషన్ అయిన పది నెలలకు. ఆ సంతోషంలోనే కూర్చుని రాస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే సంతోషంతో పాటు కోపం కూడా చల్లారిపోతుంది. అది చల్లారడం నాకిష్టం లేదు.

మాది హిందూపురం. బెంగళూరు పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. బల్ల మీద మోచేయి ఆనించి, ఫోను చెవికి పెట్టుకుని పని చేయడం నా అలవాటు. మోచేయి లోపలి పక్క ఎముక వెనక సన్నటి సందులోంచి అల్నార్ నరం పోతుంది. మోచేయి గోడకు తగిలితే జివ్వుమనేది అదే. నాకు కుడిచేతిలో అది అక్కడే నలిగిపోయింది. చిటికెన వేలు, దాని పక్కవేలిలో సగం మొద్దుబారాయి. తాళం తిప్పలేను, చొక్కా గుండీ పెట్టుకోలేను. నరాల్లోకి కరెంటు పంపి పరీక్ష చేసి, ఒత్తిడి తీసేయాలన్నారు. ఆపరేషన్ గురించి చెప్పడానికేమీ లేదు. ఒకరోజు చేరాను, మర్నాడు ఇంటికొచ్చాను, రెండు వారాలకు కుట్లు తీశారు.

అసలు కథ రెండో నెలలో మొదలైంది. అంతకుముందు లేని నొప్పి వచ్చింది. ఫ్యాను గాలి తగిలితే మంట. చొక్కా చెయ్యి రాసుకుంటే కారం పూసినట్టు ఉండేది. అర్ధరాత్రి మోచేతి నుంచి వేలి కొస దాకా షాకు కొట్టి లేచి కూర్చునేవాణ్ణి.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాను. పదిన్నరకు రమ్మన్నారు, ఒంటిగంటకు లోపలికి పిలిచారు. పెద్ద డాక్టరు చుట్టూ నలుగురు చిన్న డాక్టర్లు నిలబడి ఉన్నారు. కుట్టు మచ్చ చూసి, తలెత్తకుండా "హత్తక్కె ఎష్టు?" అన్నారు. పదికి ఎంత నొప్పి అని. కన్నడ నాకు బాగానే వచ్చు, అప్పులవాళ్లతో తగాదా కూడా పడగలను. కానీ నొప్పి తెలుగులోనే వస్తుంది కదా. మంట వేరు, సలుపు వేరు సార్, రెండూ ఒకటి కాదు అని చెప్పబోయాను. "నంబర్ చెప్పండి" అన్నారు. ఎనిమిది అన్నాను.

ఆయన చిన్న డాక్టర్ల వైపు తిరిగి, "నిజంగా ఎనిమిదైతే మనిషి ఇలా కూర్చుని కథలు చెప్పడు" అన్నారు. ముగ్గురు నవ్వారు. ఒకమ్మాయి నవ్వలేదు, ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అయితే ఆరు వేసుకోండి సార్" అన్నాను. కె.ఆర్. మార్కెట్లో వంకాయలు బేరమాడినట్టు నా నొప్పిని నేనే రెండు తగ్గించి ఇచ్చేశాను. నరం వదులైంది, ఆపరేషన్ సక్సెస్, టెన్షన్ పడకండి అని పంపేశారు.

బస్సులో కాగితం తీసి చూశాను. "పేషెంట్ యాంగ్జియస్, రీఅష్యూర్డ్" అని రాశారు. అంటే రోగిది ఆందోళన, ధైర్యం చెప్పి పంపాం అని. ఎనిమిదీ లేదు, ఆరూ లేదు. ఇరవై రెండేళ్లలో ఏ ఆడిటరూ నా పుస్తకంలో ఒక్క అంకె కొట్టేయలేదండీ. అలాంటిది నా ఒంట్లో నొప్పి లెక్కను మూడు నిమిషాల్లో కొట్టేశారు.

ఆ "యాంగ్జియస్" అన్న ఒక్క మాట ఇంటి దాకా వచ్చింది. మా బావమరిది ఫోన్ చేసి "యోగా చెయ్యి బావా" అన్నాడు. మేనేజరు "అంతా మనసులోనే ఉంటుందప్పా" అని సెలవు కోసేశాడు. మా ఆవిడ నోటితో ఏమీ అనలేదు కానీ, నేను రాత్రి లేచినప్పుడు ఆమె లేవడం మానేసింది. మా అమ్మ మాత్రం నమ్మింది. నమ్మి, ఉప్పు మూటతో కాపడం పెట్టింది. మొద్దుబారిన వేలికి వేడి ఎక్కడ తెలుస్తుంది? బొబ్బ లేచాక తెలిసింది. ఈ ఆపరేషన్ అయినవాళ్లు కాపడం, వేడి గిన్నె, కాఫీ లోటా దగ్గర ఆ చెయ్యి పెట్టకండి.

అయిదో నెలలో వేరే ఆసుపత్రిలో నొప్పుల విభాగానికి వెళ్లాను. అక్కడి నర్సుది మదనపల్లె. నా యాస పట్టేసింది. "ఎట్లుంటాదన్నా నొప్పి? మన మాటల్లోనే చెప్పు" అంది. చెప్పాను. మంట, సలుపు, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, షాకు కొట్టినట్టు, మధ్యమధ్యలో చచ్చుబడినట్టు. ఆమె ఒక్కొక్కటీ డాక్టరుకు చెబుతుంటే ఆయన ఒక ఫారంలో టిక్కులు పెట్టారు. దాన్ని డీఎన్4 అంటారట. మొత్తం 10 అంశాలు. ఏడు అడిగి తెలుసుకునేవి, మూడు ముట్టుకుని, గుచ్చి, మెత్తగా రుద్ది చూసేవి. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అది నరాల నొప్పే కావచ్చని లెక్క. నాకు 7 వచ్చింది. నొప్పి ఎంత అనే ప్రశ్న అందులో ఎక్కడా లేదు, ఎలాంటిదన్నదే అడుగుతారు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడకు ఆ కాగితం చూపించాను, మార్కుల లిస్టు చూపించిన పిల్లాడిలాగా.

చాలా కాలం నలిగిన నరం ఒత్తిడి తీసినంత మాత్రాన సర్దుకోదట. లోపల చెడిన తీగలు మళ్లీ మొలుచుకుంటూ రావాలి, సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు. టేపు పెట్టి కొలుచుకున్నాను. మోచేయి నుంచి చిటికెన వేలి కొసకు 41 సెంటీమీటర్లు. అంటే ఏడాది పైమాటే. ఈ ఒక్క లెక్క మొదటి డాక్టరు చెప్పి ఉంటే నేను ఏ రాత్రీ భయపడేవాణ్ణి కాదు.

నరాల నొప్పికి ప్రీగాబలిన్ అనే మాత్ర రాసిచ్చారు. మొదటి పది రోజులు ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర. యశవంతపురంలో దిగాల్సినవాణ్ణి మెజెస్టిక్‌లో లేచాను, కండక్టరు మళ్లీ టికెట్ కొట్టాడు. అయినా దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఫిజియోథెరపీలో, చెయ్యి తాకిడికి మళ్లీ అలవాటు పడాలని, దాన్ని రోజూ రకరకాల వాటితో రుద్దుకోమన్నారు. మొదట దూది, తర్వాత టవలు, ఆఖరికి గోనెసంచి. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి తిప్పడం కూడా. "ఆ బియ్యం వేరే పెట్టు, నేను వండను" అని మా ఆవిడ నవ్వింది. అది చాలా నెలల తర్వాత మా ఇంట్లో విన్న నవ్వు. ఇన్సూరెన్సు సంగతి అడక్కండి. డిశ్చార్జి అయ్యాక 60 రోజుల ఖర్చే ఇస్తారని నా పాలసీలో ఉంది. నరానికి ఆ సంగతి తెలియదు కదా.

ఆదివారం ఆదివారం మా ఆవిడే నరం వెంట వేలితో తట్టి చూస్తుంది. ఎక్కడ తడితే జివ్వుమంటుందో అక్కడి దాకా నరం వచ్చినట్టని డాక్టరు చెప్పారు. మొన్న మణికట్టు దాటి రెండు వేళ్ల వెడల్పు కిందికి దిగింది. మంట ఇంకా ఉంది, రాత్రుళ్లు మాత్రం నిద్ర పడుతోంది. గుండీలు నేనే పెట్టుకుంటున్నాను, పైది తప్ప.

"యాంగ్జియస్" అనే మాట కొట్టేయమని పాత ఆసుపత్రిలో అర్జీ ఇచ్చాను, కుడిచేత్తోనే సంతకం పెట్టి. రికార్డుల సెక్షన్ వాళ్లు సోమవారం రమ్మన్నారు. సెలవు పెట్టేశాను.