ఒసాకా వెళ్ళేవాళ్ళకి

బుల్లెట్ ట్రైన్ ఆగేది షిన్-ఒసాకాలో. ఒసాకా స్టేషన్ వేరు, లోకల్‌లో ఒక్క స్టాపు దూరం. హోటల్ ఊరికి దక్షిణాన నంబా వైపైతే ఆ గొడవే వద్దు, షిన్-ఒసాకాలోనే ఎర్ర గీత మిదోసుజి మెట్రో ఎక్కేయండి, నేరుగా దింపుతుంది. మ్యాపులో ఉమెదా అని కనిపిస్తే కంగారు పడకండి, అది ఒసాకా స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది.

కోట చూడదగ్గదే. కానీ ఇప్పుడున్న బురుజు 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టుతో సహా మ్యూజియం. పాతకాలపు చెక్క గదులు ఆశిస్తే నిరాశే. కందకం, ఆ బండరాళ్ళ గోడలు మాత్రం అసలైనవి. నా మటుకు నాకు అక్కడే ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది.

కాలువ పక్కన తిండి వీధి దోతొంబొరికి చీకటి పడ్డాకే వెళ్ళాలి. పరుగెత్తే మనిషి బొమ్మతో గ్లికో మిఠాయి కంపెనీ బోర్డు ఎబిసుబాషి వంతెన మీంచి ఎదురుగా కనిపిస్తుంది. శాకాహారులూ, జాగ్రత్త: తకోయాకి అనే గుండ్రటి పిండి ఉండల్లో ఆక్టోపస్ తీసేయమన్నా లాభం లేదు, పిండి కలిపేదే సాధారణంగా చేపతో కాచిన దాషి నీళ్ళతో. గుడ్డు సరేసరి. ఒకోనోమియాకి అనే క్యాబేజీ అట్టుదీ అదే కథ. కుషికాట్సు అంటే పుల్లకి గుచ్చి వేయించిన ముక్కలు; అందరికీ ఒకే సాస్ గిన్నె పెట్టే చోట పుల్లని ఒక్కసారే ముంచాలి, కొరికాక మళ్ళీ ముంచితే ఊరుకోరు.

తిరుగు ప్రయాణంలో కన్సాయ్ ఎయిర్‌పోర్టుకి జేఆర్ (జపాన్ రైల్వే) రాపిడ్ రైలు ఎక్కితే 1 నుంచి 4 బోగీల్లోనే కూర్చోండి. హినెనో స్టేషన్‌లో రైలు రెండుగా విడిపోతుంది, వెనక సగం వకయామా అనే వేరే ఊరికి పోతుంది.