పీ0449: మీటర్‌కి దొరకని తేడా బల్బుకి దొరికింది

రిజిస్ట్రేషన్ రెన్యూవల్ దగ్గరపడ్డాక మా కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. మేముండేది డాలస్ పక్కన, కాలిన్ కౌంటీలో. 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, మా కౌంటీతో సహా 17 కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ (కారు వదిలే కాలుష్యం పరీక్ష) అలాగే ఉంచారు. ఆ లైట్ వెలుగుతుంటే టెస్ట్ ఫెయిల్, టెస్ట్ పాసవకపోతే రెన్యూవల్ కాదు. టెన్షన్ మొదలైంది.

కారు కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే రెండు వచ్చాయి: పీ0449, పీ0455. రెండోది చాలామందికి తెలిసిందే, పెట్రోల్ ఆవిరి ఎక్కడో గట్టిగా లీకవుతోందని అర్థం. ఎవరినడిగినా "గ్యాస్ క్యాప్ (పెట్రోల్ ట్యాంకు మూత) మార్చు, అదే పోతుంది" అన్నారు. ఒక షాపులోనైతే కారు కిందకి తొంగి కూడా చూడకుండా వాల్వూ క్యానిస్టరూ రెండూ మార్చాలని, 800 డాలర్ల దాకా అవుతుందని చెప్పారు. నాకు మాత్రం మొదటి కోడ్ మీదే అనుమానం. పీ0449 అంటే వెంట్ వాల్వ్ సర్క్యూట్‌లో లోపం. అది లీకు గురించి కాదు, కరెంటు గురించి చెప్పే కోడ్. మూత మారిస్తే వైరు బాగవదు కదా.

ట్యాంకులో పుట్టే పెట్రోల్ ఆవిరిని గాల్లోకి పోనీకుండా బొగ్గు నింపిన క్యానిస్టర్ పట్టి ఉంచుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే, ఆ ఆవిరిని ఇంజిన్ లాక్కుని కాల్చేస్తుంది. క్యానిస్టర్‌కి బయటి గాలి వచ్చే దారిలో ఉండేది వెంట్ వాల్వ్. అది మామూలుగా తెరిచే ఉంటుంది. కంప్యూటర్ లీకు పరీక్ష చేసుకునేటప్పుడు మాత్రం కరెంటు పంపి దాన్ని మూస్తుంది. అది మూసుకోకపోతే లోపల వాక్యూమ్ నిలవదు, కంప్యూటర్ దాన్ని పెద్ద లీకుగా రాసుకుంటుంది. అంటే పీ0455ని తెచ్చిపెట్టింది పీ0449 అయ్యుండొచ్చు. ఈ రెండు రకాల కోడ్‌లూ కలిసి వస్తే ముందు సర్క్యూట్ సంగతి తేల్చుకోవాలి.

ఎలాగోలా టెస్ట్ గట్టెక్కితే చాలనుకునే విషయం కాదిది. వేసవిలో ఇక్కడ గాల్లో ఓజోన్ కాలుష్యం ఎక్కువని అలర్ట్ వచ్చిందంటే మా పాపని మధ్యాహ్నం పూట బయట ఆడుకోనివ్వం. ఎండలో ఓజోన్ తయారవడానికి పెట్రోల్ ఆవిరి కూడా ఒక కారణం. కాలిఫోర్నియాలో 1970 మోడల్ కార్లకీ, ఆ మరుసటి ఏడాది దేశమంతటికీ ఈ ఆవిరి కట్టడి తప్పనిసరి చేసింది ఊరికే కాదు.

మా ఊరి లైబ్రరీ కార్డుంటే రిపేర్ మాన్యువళ్ళు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. అక్కడే మా మోడల్ వైరింగ్ డయాగ్రమ్ దొరికింది. వెంట్ వాల్వ్‌కి రెండే వైర్లు. ఒకదాంట్లో ఫ్యూజ్ మీదుగా 12 వోల్టుల సప్లై వస్తుంది. రెండోది కంప్యూటర్‌కి పోతుంది. వాల్వ్ మూయాలనుకున్నప్పుడు కంప్యూటర్ ఆ రెండో వైరుని గ్రౌండ్ చేస్తుంది, అంటే బ్యాటరీ నెగటివ్ వైపుకి కలుపుతుంది.

కారు వెనక భాగం లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. పెట్రోల్ ఆవిరి తిరిగే చోటు కాబట్టి గ్యారేజ్ తలుపు పూర్తిగా తెరిచి, ఇంజిన్ చల్లారాకే కిందకి దూరాను. కనెక్టర్ ఊడదీసి వాల్వ్ కాయిల్ రెసిస్టెన్స్ చూస్తే 25 ఓమ్‌లు, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లోనే ఉంది. వాల్వ్‌ని విప్పి, కారుకి దూరంగా తీసుకెళ్ళి విడి బ్యాటరీకి తగిలిస్తే టక్కున కొట్టుకుంది. వాల్వ్ మంచిదే. కీ ఆన్ చేసి కనెక్టర్‌లో సప్లై పిన్ చూస్తే 12.4 వోల్టులు. కంప్యూటర్ వైపు వైరు కూడా తెగలేదు. ఫ్యూజ్ బాగుంది. మీటర్ ప్రకారం ఎక్కడా లోపం లేదు, కోడ్ మాత్రం చెరిపిన ప్రతిసారీ మళ్ళీ వస్తోంది, అదీ ఎక్కువగా వాన పడ్డాక.

మా మేనమామది విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ షాపు. వీడియో కాల్‌లో కనెక్టర్ చూపించి నా రీడింగులన్నీ చెప్పాను.

"ఆ మీటరు పక్కన పెట్టు అల్లుడూ. బల్బు పెట్టి చూశావా?"

"పన్నెండు వోల్టులు వస్తున్నాయి కదా మామయ్యా."

"కుళాయి కట్టేసి ఉంటే పైపులో ప్రెషరు ఎప్పుడూ ఫుల్లుగానే ఉంటది. తిప్పితే గదా ధార వస్తందో లేదో తెలిసేది!"

ఆ ఒక్క మాటతో దారి దొరికింది. మీటర్ దాదాపు కరెంటు తీసుకోదు. తుప్పు పట్టిన వైరులో 100 ఓమ్‌ల అడ్డు ఉన్నా, లోడ్ లేనప్పుడు అవతలి కొసన 12 వోల్టులూ చూపిస్తుంది. అదే వైరుకి 25 ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే లెక్క మారిపోతుంది. మొత్తం 125 ఓమ్‌లలో కాయిల్ వాటా ఐదో వంతు, అంటే 2.4 వోల్టులు. దాంతో వాల్వ్ కదలదు.

5 వాట్ల బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి సప్లై పిన్‌కి, రెండోది బాడీ గ్రౌండ్‌కి పెట్టాను. ఫిలమెంట్ కాస్త ఎర్రబడింది, అంతే. గ్రౌండ్ మీద అనుమానంతో పొడుగు వైరు వేసి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి కలిపాను, అయినా అంతే. బల్బు అలా ఉండగానే అదే పిన్ దగ్గర మీటర్ పెడితే, ఇందాకటి 12.4 కాస్తా 3 వోల్టుల దగ్గర ఊగుతోంది. ముందుకెళ్ళి ఫ్యూజ్ బాక్స్ దగ్గర అదే బల్బు పెడితే కళ్ళు చెదిరేలా వెలిగింది. లోపం ఫ్యూజ్‌కీ కనెక్టర్‌కీ మధ్య వైరులోనే అని తేలిపోయింది.

మేము షికాగో నుంచి మారినప్పుడు ఈ కారు మాతోనే వచ్చింది. అక్కడ చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగున ఏ సందూ వదలదు. అందుకే వెనక యాక్సిల్ పైన వైర్లు వంపు తిరిగే చోట మొదలుపెట్టాను. ప్లాస్టిక్ తొడుగు అడుగున చీలి ఉంది. లోపలి వైరు పై తోలు చెక్కుచెదరలేదు, కానీ వేళ్ళతో తడుముతూ పోతే ఒకచోట ఉబ్బి, నొక్కితే మెత్తగా తగిలింది. అక్కడ తోలు చీల్చాను. రాగి పోగుల చోట పచ్చటి పొడి రాలింది. సరిగ్గా మిగిలినవి ఒకటి రెండు పోగులే. పొడిగా ఉన్నప్పుడు అవే ఎలాగో నెట్టుకొచ్చి ఉంటాయి, తడికీ గతుకులకీ పూర్తిగా వదిలేసి ఉంటాయి.

పచ్చదనం తోలు లోపల చాలా దూరం పాకుతుంది. అందుకని మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా కోసుకుంటూ పోయి, అదే మందం కొత్త వైరు వేశాను. వైర్లని నొక్కి బిగించి, వేడి చేస్తే ముడుచుకుని అతుక్కునే, లోపల జిగురుండే హీట్ ష్రింక్ క్రింప్ కనెక్టర్లు వాడాను. కారు అడుగున ఉత్త ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయడం నాకు అస్సలు నచ్చదు, నీళ్ళు మళ్ళీ చేరతాయి. తర్వాత బల్బుని కనెక్టర్ రెండు పిన్‌ల మధ్య పెట్టి స్కానర్‌తో వాల్వ్ ఆన్ కమాండ్ ఇస్తే నిండుగా వెలిగింది. సప్లైతో పాటు కంప్యూటర్ గ్రౌండ్ చేసే వైపు కూడా సరిగ్గా ఉందని దాంతోనే తెలిసింది.

కోడ్‌లు చెరిపాను గానీ వెంటనే టెస్ట్‌కి వెళ్ళలేదు. చెరిపితే మానిటర్లన్నీ, అంటే కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలన్నీ, "నాట్ రెడీ"కి (ఇంకా పూర్తవలేదు) వెళ్ళిపోతాయి. అందులో ఆవిరి మానిటర్ మరీ మొండిది. ట్యాంకు నిండా ఉన్నా, బాగా ఖాళీగా ఉన్నా అది పరీక్షే మొదలుపెట్టదు. సగం ట్యాంకుతో రాత్రంతా నిలిపి, పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో బయల్దేరడం అలవాటు చేసుకున్నాను. చివరికి స్కానర్‌లో ఆ గడి కూడా "రెడీ" అయింది, కోడ్ ఏదీ తిరిగి రాలేదు. టెస్ట్ పాసయింది.

అదే ఉప్పు మిగతా వైర్లనీ వదిలి ఉండదని మళ్ళీ కారు లేపి చూశాను. వెనక ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ కనెక్టర్‌లో అప్పుడే పచ్చదనం మొదలైంది. దాన్ని శుభ్రం చేసి, తడి చేరకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని గ్రీజు) పెట్టాను. ఫొటో పంపితే మామయ్య రెండో వైపుది కూడా తీసి చూడమన్నాడు.